దూరప్రయాణానికి ముందు గేర్‌బాక్స్ జాగ్రత్తలు

సెలవులు దగ్గరపడితే అందరూ టైర్లు, బ్రేకులు చూపించుకుంటారు. గేర్‌బాక్స్‌నూ ఒక వారం ముందే చూపించండి, మరమ్మతుకు సమయం మిగులుతుంది.

• ఆయిల్ మార్పిస్తుంటే, కారుతో వచ్చిన పుస్తకంలో రాసిన రకమే పోయించండి. సీవీటీలో (గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో) మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు జారి పుల్లీలు గీసుకుపోతాయి, చివరికి గేర్‌బాక్సే మార్చాల్సి రావచ్చు. ‘ఏ ఆయిలైనా ఒకటే’ అని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. డబ్బా మీద పేరు మీరే చదవండి.

• ఇంజిన్ మోత పెరిగినా వేగం పెరగకపోతే బయలుదేరకండి. మాన్యువల్‌లో అది చాలావరకు అరిగిన క్లచ్ ప్లేటు. ఆటోమేటిక్‌లో లోపలి క్లచ్‌లు జారుతున్నాయని అర్థం. అయితే ఆయిల్ తగ్గినా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి, గేర్‌బాక్స్ విప్పడానికి ఒప్పుకునే ముందు మట్టం కొలిపించండి.

• రాత్రి కారు కింద అట్టముక్క పరచండి. ఉదయం ఎర్రటి లేదా గోధుమరంగు జిడ్డు మరక కనిపిస్తే ఎక్కడో సీలు కారుతోంది.

• ఆయిల్ నల్లబడి మాడు వాసన వేస్తే లోపల బాగా వేడెక్కిందన్నమాట.

• హెచ్చరిక దీపం వెలిగితే, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్‌ను చదివించి రాసుకోండి. చదవకుండా చెరిపేస్తే లోపం ఆచూకీ పోతుంది. కొన్నిసార్లు అది ఒక్క సెన్సర్‌తో తీరే పని.

• దారిలో ఆగిపోతే ఆటోమేటిక్ కారును తాడు కట్టి లాగించకండి. ఇంజిన్ ఆగితే ఆయిల్ పంపు తిరగదు, లోపలి భాగాలు పొడిగా రాసుకుంటాయి. బండి మీదకు ఎక్కించి తీసుకెళ్లే వాహనాన్నే పిలవండి.