నలభై అయిదు దాటాక విశాఖలో మళ్లీ పని వెతుక్కునేవారికి

గాజువాక పరిసరాల్లో ఇరవై ఏళ్లు కాంట్రాక్టర్ల కింద వెల్డరుగానో ఫిట్టరుగానో పనిచేసి, యాభయ్యో ఏట ఫ్యాక్టరీలోకి వెళ్లనిచ్చే గేట్ పాస్ పోయి ఇంట్లో కూర్చోవలసి వచ్చినవారు సాధారణంగా ముందు కొత్త కోర్సుల కోసం వాకబు చేస్తారు. నా ఉద్దేశంలో అంతకన్నా ముందు, చేతిలో ఉన్న పనికి కాగితం సంపాదించుకోవాలి.

కాంట్రాక్టర్లు మారుతూ వచ్చినవారి దగ్గర సర్వీసు సర్టిఫికెట్లు చాలావరకు ఉండవు. అలాంటివారికి పీఎఫ్ పాసుబుక్కే సాక్ష్యం. ఏ యజమాని ఏయే నెలలకు జమ కట్టాడో అందులో కనిపిస్తుంది కనుక, యూఏఎన్ నంబరుతో (యజమాని మారినా మారని పీఎఫ్ నంబరు) దానిని డౌన్‌లోడ్ చేసుకుని, పాత ఖాతాలు విడివిడిగా ఉంటే ఒకే నంబరు కిందికి బదిలీ చేయించుకోవాలి. చేతిలో డబ్బు లేని రోజుల్లో పీఎఫ్‌లోని పింఛను వాటాను కూడా తీసేసుకోవాలనిపించడం సహజమే గాని, సర్వీసు పదేళ్లకు దగ్గరపడినవారు ఆ తొందర పడకూడదు. పదేళ్లు నిండితే 58వ ఏట పింఛను వస్తుంది; 50 దాటాక ముందుగానే కోరుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది.

ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన నాలుగో విడతలో స్వల్పకాలిక శిక్షణకు 45 ఏళ్ల వరకే అర్హత ఉండగా, అనుభవంతో అబ్బిన నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్‌కు 59 ఏళ్ల వరకు అవకాశం ఉంది. అందువల్ల శిక్షణ కేంద్రానికి వెళ్లినప్పుడు ‘కోర్సు ఉందా’ అని కాక, ‘మా ట్రేడులో ఆర్‌పీఎల్ బ్యాచ్ ఎప్పుడు’ అని అడగాలి. వడ్రంగులు, కమ్మరులు, తాపీమేస్త్రీలు, దర్జీలు సొంతంగా పని చేసుకుంటున్నట్లయితే పీఎం విశ్వకర్మ పథకం గురించి విచారించవచ్చు. దానికి గరిష్ఠ వయోపరిమితి లేదు, శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఇస్తారు. అయితే కుటుంబానికి ఒక్కరికే.

కంచరపాలెంలోని జిల్లా ఉపాధి కార్యాలయంలోను, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగ వెబ్‌సైటు అయిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోను పేరు నమోదు చేసుకోవాలి. రెండింటికీ రుసుము లేదు. జాబ్ మేళాకు బయలుదేరే ముందు వయసు నిబంధన కనుక్కుంటే ఒక రోజు కూలీ మిగులుతుంది. బయోడేటా ఒక్క పేజీ చాలు. అందులో ‘25 ఏళ్ల అనుభవం’ అని రాసి ఊరుకోకుండా, 6జీ (పైపును వాలుగా, కదలకుండా బిగించి చేసే) పొజిషన్‌లో పైపు వెల్డింగ్ చేశారా, ఆర్గాన్ వాయువుతో చేసే వెల్డింగ్ వచ్చా, డ్రాయింగు చదవగలరా అన్నది రాయాలి. సూపర్‌వైజరు వెతికేది అదే.

ట్రేడ్ టెస్టుకు పిలుపు రాకముందే కళ్లు పరీక్ష చేయించుకోవడం మంచిది. దగ్గరచూపు తగ్గిన సంగతి, చేయి తిరిగిన వెల్డరుకైనా చాలాసార్లు బీడు (వెల్డింగ్ చేసిన గీత) వంకర పోయాకే తెలుస్తుంది.