పాత ట్యాంకు పగలగొట్టే ముందు

మిర్యాలగూడ బాయిల్డ్ రైస్ మిల్లుల్లో వడ్లు నానిన నీళ్లు నిలవుంటే పులుస్తాయి. వాటిలోంచి లేచే హైడ్రోజన్ సల్ఫైడ్ తడిగోడ మీద బ్యాక్టీరియా వల్ల సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. అందుకే మూత ఉన్న కాంక్రీటు ట్యాంకుల్లో నీటిమట్టం పైభాగం, స్లాబు అడుగు ముందు దెబ్బతింటాయి. పగలగొట్టే ముందు బాగుచేయడం కుదురుతుందేమో చూడండి.

ముందుగా ట్యాంకులోకి దిగకుండా, బురద బయటినుంచే పంపుతో తోడాలి. బ్లోయర్ పెట్టి, గ్యాస్ మీటర్ దింపి చూడండి: ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నా ఉండాలి. వాసన పోయిందని దిగొద్దు. ఆ గ్యాసు ఎక్కువైతే ముక్కే పనిచేయదు.

గోడను సుత్తితో తట్టండి. బోలుగా మోగినచోట చెక్కి, ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లండి. ఆమ్లం తినని మంచి కాంక్రీటు మీద అది గులాబీ రంగు తేలుతుంది. ఆ రంగు తేలేదాకా చెక్కాల్సిందే. రాడ్ తుప్పుపట్టి ఉంటే దాని వెనక కూడా 20 మిల్లీమీటర్లు ఖాళీ చేసి తుప్పు గీకాలి. రాడ్ పావు వంతు అరిగితే పక్కన కొత్తది కట్టాలి. సిమెంట్ బస్తాకు 150 కిలోల ఇసుక, 10 లీటర్ల ఎస్‌బీఆర్ లేటెక్స్ (సిమెంటులో కలిపే రబ్బరు పాల లాంటి ద్రవం) కలిపి, తడిపిన గోడకు పొరలుగా పట్టించాలి. నీళ్లు మాత్రం కారుతూ ఉండొద్దు.

ఆ పైన గోడకు రక్షణగా వేసే ఎపాక్సీ పూతకు తొందరపడితే డబ్బు నీళ్లపాలే. గోడకు ప్లాస్టిక్ షీటు నాలుగువైపులా టేపుతో అంటించి మరునాడు తీయండి. లోపల చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి. మన ఎండల్లో పొద్దున పూస్తే గోడ వేడెక్కి, లోపలి గాలి ఉబ్బి పొక్కులొస్తాయి. సాయంత్రం, గోడ చల్లబడుతుండగా రెండు పూతలు వేయండి.

నల్లరేగడిలో ట్యాంకు ఒకవైపు కుంగి పగిలితే ఇవేవీ పనిచేయవు. ముందు పునాది చూపించండి.