గ్రిడిల్ మీద దోసెలు అతుక్కోకుండా

ఇక్కడ టెక్సాస్‌లో మా పెరట్లో గ్రిడిల్ (కింద మంట ఉండే పెద్ద చదునైన ఇనుప పెనం) ఉంది, శనివారం చికెన్ కాల్చి ఆదివారం దాని మీదే దోసె పోస్తే మొదటి నాలుగూ ముక్కలు ముక్కలుగా లేచేవి. పైగా మూలల్లో తుప్పు.

ఇప్పుడు వంట అవగానే మంట ఆపి, రెండు మూడు నిమిషాలాగి, ఇంకా వేడిగా ఉండగానే అరకప్పు గోరువెచ్చని నీళ్లు పోసి (ఆవిరి గుప్పున కొడుతుంది, మొహం దూరంగా పెట్టండి) స్క్రేపర్‌తో మడ్డంతా గ్రీజు డబ్బాలోకి నెట్టేస్తున్నా. సబ్బు అక్కర్లేదు. సన్నమంట మీద తడి ఆరనిచ్చి, ఒక టేబుల్ స్పూన్ మామూలు వంటనూనె వేసి, పటకారుతో పట్టుకున్న పేపర్ టవల్‌తో అంచుల దాకా రాసి, పొడి టవల్‌తో మళ్లీ తుడిచెయ్యాలి, నూనె ఉందా లేదా అన్నట్టు. తర్వాత మంట పెంచి పొగ వచ్చి తగ్గేదాకా ఓ పదిహేను నిమిషాలు. తుప్పు గీకిన చోటైతే ఇదే మూడు నాలుగు సార్లు, నల్లగా నిగనిగలాడేదాకా. దోసెకి ముందు మాత్రం మన పాత పద్ధతే, నూనెలో ముంచిన సగం ఉల్లిపాయతో ఒక రుద్దు.

నూనె పూత మందంగా ఉంటే మాత్రం ఇది పనిచేయదు, చల్లారాక జిగురు కట్టి చేతికి అంటుకుంటుంది, అదంతా గీకి మళ్లీ మొదలెట్టాల్సిందే.