మామిడి చెట్టుపై బదనికను తొలగించే విధానం

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని పాత మామిడి తోపుల్లో, ముఖ్యంగా ఏళ్ల తరబడి కొమ్మ కత్తిరించని బెంగళూర (తోతాపురి) రకం చెట్లపై, చెట్టు మీదే పెరిగే పరాన్న మొక్క బదనిక గుబురుగా అల్లుకొని ఉంటుంది. దూరం నుంచి మామిడి చిగురులాగే కనిపించినా, దాని ఆకు మందంగా, కాస్త బూడిద కలిసిన పచ్చగా ఉండి, నలిపితే మామిడి వాసన రాదు. పూలు నారింజ ఎరుపు రంగులో సన్నని గొట్టాల్లా ఉంటాయి. అది పట్టిన చోట కొమ్మ బుడిపెలా ఉబ్బుతుంది, ఆ బుడిపె నుంచి కొన వైపు ఉన్న భాగం క్రమంగా ఎండిపోతుంది.

బదనిక తన ఆహారాన్ని చాలావరకు తానే తయారుచేసుకున్నా, నీటిని, లవణాలను మాత్రం కొమ్మలోకి దించిన వేళ్లతో చెట్టు నుంచే లాగుతుంది. నీటి ఎద్దడి ఉన్న మన నేలల్లో దీనిని ఉపేక్షించడం చెట్టును పోగొట్టుకోవడమే. హిమాలయాల్లో పైన్ చెట్లను పట్టే పొట్టి జాతి బదనిక, కాయ పగిలినప్పుడు విత్తనాన్ని మీటర్ల దూరం విసురుతుంది. మన బదనికకు ఆ శక్తి లేదు. చిన్న పిట్టలు పండు తిని, జిగురు విత్తనాన్ని కొమ్మలకు అంటించిపోతాయి. కాబట్టి పండ్లు రాకముందే దానిని తీసివేయాలి.

కాయల కోత ముగిశాక, జులై, ఆగస్టు నెలల్లో చేసే కొమ్మల కత్తిరింపే ఇందుకు అనువైన సమయం. గుబురును చేత్తో విరిచేస్తే లోపలి వేరు మిగిలి మళ్లీ చిగురిస్తుంది. బెరడు వెంట పాకిన తీగవేరు మొదలు వైపు చివరిగా ఎక్కడ అతుక్కుందో చూసి, అక్కడి నుంచి కనీసం అడుగు కిందికి కొమ్మనే కోయాలి. బరువైన కొమ్మను ముందు దాని కింది వైపు నుంచి కొంత కోసి, తర్వాత పైనుంచి కోస్తే బెరడు చీలదు. మొదలుకే పట్టి ఉంటే, ఉబ్బిన భాగాన్ని ఉలితో ఆరోగ్యమైన చెక్క కనిపించేవరకు చెక్కి, చిగురు వచ్చినప్పుడల్లా తుంచాలి.

కోసిన చోట శిలీంధ్రం సోకకుండా బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి. కిలో మైలుతుత్తాన్ని 5 లీటర్ల నీటిలో, కిలో సున్నాన్ని మరో 5 లీటర్లలో ప్లాస్టిక్ తొట్లలో కరిగించి కలపాలి; ఇనుప పాత్ర వాడకూడదు. మెరిసే కత్తి అంచును అందులో ముంచితే రాగి రంగు పట్టకూడదు, పడితే మరికొంత సున్నం కలపాలి.

చెట్టంతా బదనికే ఉన్నప్పుడు ఒకే ఏడాదిలో మొత్తం కోసేయడం నాకు సమ్మతం కాదు; రెండేళ్లలో విడతలుగా చేస్తే చెట్టు తట్టుకుంటుంది. కాయలున్న గుబుర్లను తోపు బయటకు తీసుకెళ్లి కాల్చాలి. గట్లపై ఉన్న కానుగ, వేప చెట్లనూ వెతికి చూడాలి, పక్క తోపు రైతునూ అదే కాలంలో కోయమని అడగాలి.