రోజూ కిల్ట్ కట్టేవారికి సరిపడే స్పోరన్

స్కాట్లాండ్‌లో మగవారు నడుముకు కట్టుకునే మడతల ఉన్ని వస్త్రం, సంప్రదాయ కిల్ట్‌కు జేబులుండవు. తాళాలు, ఫోను, డబ్బులు అన్నీ ముందు వేలాడే స్పోరన్ అనే సంచిలోనే పెట్టుకోవాలి. బొచ్చుతో, వెండి అంచుతో మెరిసేది విందులకే. వానలో తడిస్తే బొచ్చు అట్టకడుతుంది. రోజువారీకి మందపాటి తోలుతో చేసిన సాదా డే స్పోరన్ మేలు.

కొనేటప్పుడు బయటి కొలత నమ్మకండి. పెద్ద ఫోను 16 సెం.మీ. పొడవుంటుంది, కుట్లు పోను లోపల కనీసం 17 సెం.మీ. వెడల్పు కావాలి. పక్కల విచ్చుకునే మడతపట్టీ లేని సంచిలో నాలుగు వస్తువులు వేయగానే మూత ఉబ్బి గుండీ ఊడిపోతుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది స్పోరన్‌ను నడుముకు కట్టే పట్టీ. స్పోరన్ బరువెక్కేకొద్దీ ఇనుప గొలుసు కిల్ట్ వెనక ఉన్ని మడతలను ఒరుసుకుని పోగులు లేపేస్తుంది. గొలుసు తీసి, వెనకంతా తోలు పట్టీ వేశాక ఆ అరుగుదల ఆగింది. పట్టీని కిల్ట్ వెనకున్న రెండు లూపుల్లోంచి దూర్చి, బెల్టు బకిల్‌కు నాలుగు వేళ్ల కింద స్పోరన్ ఉండేలా బిగించాలి. ఇంకా కిందికి జారితే నడిచేటప్పుడు తొడలకు కొట్టుకుంటుంది. కారు నడిపేటప్పుడు తుంటి పక్కకు జరుపుకోండి.