ఎగిరే పిట్ట మసకగా వస్తోందా? లెన్స్‌ని తర్వాత తిట్టుకోవచ్చు

"లెన్స్ పోయినట్టుంది, చూడండి" అంటూ చాలామంది నాకు మసకగా వచ్చిన పిట్ట ఫొటో పంపిస్తారు. షట్టర్ స్పీడ్ (ఫొటోకి వెలుతురు అందే సమయం) ఎంత పెట్టారని అడిగితే చూడలేదంటారు. ఫొటో వివరాల్లోనే ఉంటుంది కదా, ముందు అది చూడండి!

పిట్టని ఒకవైపుకి ఈడ్చినట్టుంటే షట్టర్ స్పీడ్ చాలలేదు. గద్దకీ కొంగకీ 1/1600 సెకను చాలు. టెర్న్‌లు, స్వాలోల్లాంటి వేగంగా మలుపులు తిరిగే పిట్టలైతే 1/3200 సెకను కన్నా నెమ్మదిగా పెట్టకండి. దానికోసం ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెరిగితే పెరగనివ్వండి, ఫొటోలో వచ్చే గరుకు చుక్కల్ని (నాయిస్) ఇంటికొచ్చాక తగ్గించుకోవచ్చు.

వెనక చెట్లు స్పష్టంగా ఉండి పిట్ట మసకైతే ఫోకస్ ఒక్కసారి కుదిరి ఆగిపోయే సింగిల్ మోడ్‌లో ఉండిపోయిందేమో చూడండి. పిట్ట వెంట ఫోకస్ కూడా మారుతుండే మోడ్ కావాలి: నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి, కెనాన్‌లో సర్వో పెట్టాలి.

ఇక మూడోది, షట్టర్, ఫోకస్ రెండూ సరిగ్గానే ఉన్నా ఫ్రేములో ఏదీ స్పష్టంగా ఉండకపోవడం. నన్ను ఏడిపించింది ఇదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. ఓ జనవరిలో పదిన్నరప్పుడు అక్కడ ఫ్లెమింగోల గుంపు లేచింది. కారులోంచే మూడొందల ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ అలుక్కుపోయినట్టున్నాయి. లెన్స్ సర్వీసుకిస్తే రెండు వారాలకి 'లోపం లేదు' అని చీటీ పెట్టి పంపారు.

లోపం గాలిది. ఎండకి కాగిన నేల మీద వేడిగాలి, చల్లగాలి కలిసి కదులుతుంటే వాటిలోంచి వచ్చే వెలుతురు వంకర్లు పోతుంది. మామూలు కంటికి అంతగా తెలియదు. దూరాన్ని దగ్గరగా చూపే 600 ఎంఎం లెన్స్‌కి బాగా తెలుస్తుంది. చలికాలమే కదా అనుకోకండి, చల్లటి గాలి కింద నీళ్లు వెచ్చగా ఉన్నా ఇదే గోల.

తేల్చుకోవడం తేలికే. పది మీటర్ల దూరంలో కదలకుండా కూర్చున్న పిట్టని తీయండి. అది స్పష్టంగా వస్తే లెన్స్ బాగున్నట్టే. తర్వాత దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని బరస్ట్‌లో (బటన్ నొక్కి పట్టి వరసగా) పది ఫ్రేములు తీసి పెద్దవి చేసి చూడండి. స్తంభం అంచు ఒక్కో ఫ్రేములో ఒక్కోలా వంకర తిరిగితే వేడిగాలి పనే. దగ్గరదీ దూరందీ అన్నీ ఒకేలా మసకైతే అప్పుడు లెన్స్‌ని అనుమానించండి.

దీనికి కెమెరాలో సెట్టింగ్ లేదు. ఎండ ముదరకముందే వెళ్లండి, పిట్టని బెదరగొట్టకుండా వీలైనంత దగ్గరగా వచ్చేదాకా ఆగండి. కారులోంచి తీసేవాళ్లు ఏసీ, ఇంజన్ రెండూ ఆపి, అద్దాలన్నీ దించి పావుగంట ఆగాలి. లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి కలిసేది సరిగ్గా మీ కిటికీ దగ్గరే. ఆ రోజు నేను ఏసీ వేసుకునే అద్దం దించాను! బానెట్ మీదుగా అసలు తీయకండి. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్స్‌కైతే హుడ్ (ముందుండే గొట్టంలాంటి తొడుగు) తీసి కాసేపు బయట ఉంచండి, హుడ్‌లో కూడా గాలి ఇలాగే చిక్కుకుంటుంది.

లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో పడడం ఉంది కానీ అరుదు. లెన్స్ కెమెరాకి తగిలే చోట (మౌంట్) ఉండే లోహపు కాంటాక్టులకి మురికి పట్టడం ఇంకా అరుదు, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. లెన్స్ ముందు చౌకరకం యూవీ ఫిల్టర్ (అదనపు గాజు పలక) ఉంటే మాత్రం తీసి పక్కన పెట్టండి.