ఒత్తిడికి బిగుసుకుపోయిన దవడను సడలించడం ఎలా?

నోరు మూసుకుని ఊరికే కూర్చోమంటే, దవడ నొప్పితో నా దగ్గర ఫిజియోథెరపీకి వచ్చేవారిలో చాలామంది పై పళ్ళను కింది పళ్ళకు ఆనించి కూర్చుంటారు. పళ్ళు ఉండవలసిన తీరు అదేనని వారి నమ్మకం. నిజానికి నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప అవి ఒకదానికొకటి తగలనక్కరలేదు. అలా తగిలే సమయమంతా కలిపినా రోజుకు దాదాపు 20 నిమిషాలే. ఆందోళన పెరిగినప్పుడు మెడా భుజాలూ బిగుసుకున్నట్టే దవడ కండరాలూ బిగుసుకుంటాయి. అది గంటల తరబడి సాగితే పంటి పైనున్న ఎనామిల్ అరిగిపోతుంది, అరిగినది మళ్ళీ పెరగదు. చెవి ముందున్న దవడ కీలు నొప్పిని చెవిపోటనుకుని చుక్కల మందు వేసుకునేవారిని నేను తరచుగా చూస్తున్నాను.

కావలసినవి ఒక చేతి తువ్వాలు, వేడి నీళ్ళు, చిన్న అద్దం, ఒక అట్ట బొట్టుబిళ్ళలు.

ముందుగా తువ్వాలును ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ముంచి, పిండి, రెండు చెంపలకూ 10 నిమిషాలు కాపడం పెట్టండి. తరువాత పళ్ళు ఒక్కసారి బిగిస్తే చెంప వెనుక భాగాన ఒక కండరం ఉబుకుతుంది. బిగువు వదిలేసి, దానిని మూడు వేళ్ళతో 2 నిమిషాలు గుండ్రంగా నిమరండి. కణతలకూ అంతే. నూనె వద్దు, వేళ్ళు జారిపోతాయి.

ఇక అందరూ పాడుచేసుకునే దశ, దవడను విశ్రాంతి స్థితిలో ఉంచడం. ‘అమ్మ’ అనడం మొదలుపెట్టి ‘మ్మ్’ దగ్గర ఆగండి. పెదవులు కలిసి ఉంటాయి, లోపల పళ్ళు విడిగా ఉంటాయి. నాలుక కొసను మీరు ‘ల’ అనబోయినప్పుడు అది తాకే చోట, అంటే పై ముందు పళ్ళ వెనుకనున్న గట్టు మీద ఆనించండి. పళ్ళ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు చాలు.

ఇక్కడ దవడను బలవంతంగా కిందికి లాగకూడదు, ఎందుకంటే అదీ శ్రమే. ఇటీవల ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ‘పళ్ళు విడిగానే ఉన్నాయండీ’ అన్నారు గానీ, ఆమె చెంప మీద నా వేలి కింద కండరం గులకరాయిలా తగిలింది. పళ్ళు వదిలి, నాలుకను అంగిలికి అదిమి పట్టుకున్నారు. నాలుక ఆనాలే తప్ప నొక్కకూడదు. పళ్ళు విడిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి వాటిని కొరికి చూడడం మరొక పొరపాటు. అద్దంలో చెంప కదలికను చూసుకుంటే సరిపోతుంది.

ఈ స్థితి ఒక్కసారి కుదిరితే చాలదు, రోజంతా గుర్తుండాలి. దానికే బొట్టుబిళ్ళలు. ఒకటి కంప్యూటర్ అంచున, ఒకటి బండి హ్యాండిల్ దగ్గర, ఒకటి వంటింటి గట్టు మీద అంటించి, కంటపడినప్పుడల్లా ‘మ్మ్’ అనుకుని దవడ వదిలేయండి. ఫోన్‌లో అలారం పెట్టుకోకండి. ఉలికిపడేలా చేసే మోత దవడను ఇంకా బిగిస్తుంది. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఎర్ర దీపం పడిన ప్రతిసారీ ఇదే చేయండి, ఎక్కువమంది పళ్ళు బిగించేది అక్కడే. దవడకు వ్యాయామమని చూయింగ్ గమ్ నమలమనే సలహా ఒకటి తిరుగుతోంది. అలసిన కండరానికి మళ్ళీ పని చెప్పడమే అది.

నిద్రలో పళ్ళు కొరికేవారు సాయంత్రం తరువాత చాయ్ మానేసి, దంతవైద్యుడు కొలత తీసి చేసిన నైట్ గార్డ్, అంటే రాత్రిపూట పళ్ళకు పెట్టుకునే తొడుగు, వాడాలి. అది కొరకడాన్ని మాన్పదు, పళ్ళను అరగకుండా కాపాడుతుంది. మెత్తటి రెడీమేడ్‌వి కొందరిలో నమిలే అలవాటును పెంచుతాయి. ప్రైవేటు ఖర్చు భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలలో చూపించుకోవచ్చు. మీ మూడు వేళ్ళు నిలువుగా పట్టేంతగా నోరు తెరుచుకోకపోయినా, దవడ పట్టేసినా పైన చెప్పిన నిమరడం ఆపి అదే రోజు వైద్యుడిని కలవండి.